పిల్ల లేకపోతే మంచు లేదు

బెత్లెహేములో మంచు పడిందో లేదో నాకు తెలియదు గానీ, మా పల్లెలో మాత్రం ఏటా క్రిస్మస్‌కి పడి తీరుతుంది. ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చిపోయిన క్రిస్మస్ కార్డు చర్చి గోడకి తగిలించి ఉండేదట. అందులో పశువుల పాక మీద, గొర్రెల మీద, చెట్ల మీద ఎక్కడ చూసినా మంచే. అది చూసి మా వాళ్లు, పండగంటే మంచు ఉండాల్సిందేనని తీర్మానించుకున్నారు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేకపోతే ఉసూరుమనే ఊళ్లో మంచు ఎక్కణ్నుంచి తెస్తారు? చుట్టూ చూస్తే పత్తి చేలు. ఇంకేం కావాలి?

మా వాళ్లు అన్నానా? నేను ఈ పల్లెలో పుట్టలేదు. రోడ్డుకి అవతల, ఊళ్లో, యలమందయ్యగారి ఒక్కగానొక్క కూతుర్ని. మార్క్‌ని పెళ్లి చేసుకుని రోడ్డుకి ఇవతలికి వచ్చాను. నడిస్తే నాలుగడుగులు, మా నాన్న లెక్కలో ఏడు సముద్రాలు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయనకీ నాకూ మాటల్లేవు. ఎదురుపడితే బండి పక్కకి తిప్పుకుని పోతాడు. నాకు కూతురు పుట్టిందని కబురు పంపితే విని, కూరలో ఉప్పు తక్కువైందని మా అమ్మ మీద కేకలేశాడట. మా అమ్మ కోటిరత్నం ఆయన చేలో ఉన్నప్పుడు ఫోన్ చేసి, ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి, "పాలు సరిపోతన్నాయా?" అని అడిగి పెట్టేస్తుంది. ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చేది. కూతురితో మాట్లాడ్డానికి గుసగుసలేంటి, దొంగతనమా?

మా చర్చిలో ఒక పద్ధతుంది. పోయిన క్రిస్మస్‌కీ ఈ క్రిస్మస్‌కీ మధ్య పల్లెలో ఆఖరున ఎవరు పుట్టారో, ఆ బిడ్డని పండగనాటి పొద్దుటి ఆరాధనలో పశువుల తొట్టిలో పడుకోబెడతారు. చుట్టూ పత్తితో మంచు పరుస్తారు. ఆడపిల్లా మగపిల్లాడా అని చూడరు. ఆ ఏడు మొత్తానికి ఆ బిడ్డ పేరే ఉంటుంది. ఎవర్నైనా ఏదైనా ఎప్పుడు జరిగిందని అడగండి, సంవత్సరం చెప్పరు. "మార్క్ పడుకున్న ఏడు తుపాను కొట్టింది" అంటారు. "క్రిస్టీనా పడుకున్న ఏడు మిర్చికి రేటొచ్చింది" అంటారు.

ఈ యేడు ఆఖరి బిడ్డ నా కూతురే. జూన్‌లో తేజశ్రీ పుట్టిన తర్వాత పల్లెలో ఇంకో కాన్పు లేదు. మా అత్తయ్య ఎలీసమ్మ ఆగస్టు నుంచే లెక్కలేసుకుంటోంది. కడుపుతో ఉన్న వాళ్లెవరైనా ఉన్నారేమోనని వీధి వీధీ వాకబు చేసి, ఎవరూ లేరని తేల్చుకుని, పిల్లకి తెల్ల గౌను కుట్టించింది.

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ప్రేమదాసుగారు మా ఇంటికి వచ్చాడు. చర్చి పెద్దల్లో ఒకడు. పత్తి తీతలకీ మిర్చి కోతలకీ పల్లె ముఠాని తీసుకెళ్లే మేస్త్రీ కూడా ఆయనే. అత్తయ్య పొయ్యి దగ్గర జంతికలు వేస్తోంది. ఆయన అరుగు మీద కూర్చుని, జంతిక తిని, రెండో జంతిక కూడా తిని, అప్పుడు విషయం చెప్పాడు.

"ఈసారి బొమ్మని పెడదామనుకున్నామండి. గుంటూరు నుంచి తెప్పించాం. బ్యాటరీది. పొట్ట మీద నొక్కితే ఏడుస్తుంది కూడాను."

నన్ను చూసి చెప్పాడు. నేను కోడలిగా వచ్చి రెండేళ్లు దాటినా ఆయనకి నేనింకా యలమందయ్యగారి అమ్మాయినే. నా బిడ్డ పనికిరాదని చెప్పడానికి కూడా అండీ అండీ అంటూనే చెప్పాడు.

"నొక్కితే ఏడ్చేదాన్ని డబ్బులు పోసి కొన్నారా?" అంది అత్తయ్య, చిల్లుల గరిటె దింపకుండానే. "ఇది నొక్కకుండానే ఏడుస్తుంది కదా. తీసుకుపోండి."

"అది కాదు ఎలీసా. అమ్మాయిగారు బాప్తిస్మం తీసుకోలేదు. రేపు ఎవరైనా అడిగితే..."

"బిడ్డని తొట్టిలో పెట్టేనాటికి మరియమ్మ తీసుకుందా బాప్తిస్మం?"

పాపం, ప్రేమదాసుగారు వచ్చింది బాప్తిస్మం గురించి కాదు. అసలు సంగతి బయటపెట్టాడు. "యలమందయ్యగారి పత్తంతా మనమే తీస్తన్నాం. రేపు మిర్చి కోతలూ ఆయనయే. తన మనవరాలు మన పల్లె తొట్టిలో పడుకుందని నలుగురూ అంటే ఆయన ఊరుకుంటాడా? కర్నూలు నుంచి ముఠాని లారీలో దింపుతాడు. అప్పుడు మన ఆడోళ్లు ఏం తినాలి? నువ్వు చెప్పు."

ఆయన భయం అబద్ధం కాదు. మా నాన్న అంత పనీ చేయగలడు, నాకు ఆయన సంగతి తెలియందేం కాదు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ఈ పల్లెలో పుట్టిందా లేదా అని తేల్చేది రోడ్డుకి అవతల ఉన్న ఆయనా? ఆయనేమో మనవరాలే లేదంటాడు, వీళ్లేమో ఆయన మనవరాలు గనక వద్దంటారు. మధ్యలో నా పిల్ల ఎవరి పిల్ల?

అత్తయ్య పొయ్యిలో మంట తగ్గించి లేచి వచ్చింది. "ఇన్నేళ్లుగా తొట్టికి మంచు తెచ్చేది ఎవరు, అన్నా? నేనే గదా. అయితే ఒకటే మాట. పిల్ల లేకపోతే మంచు లేదు. మీ బొమ్మని వట్టి గడ్డిలో పడుకోబెట్టుకోండి."

ఆ రాత్రి మార్క్ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చాక అంతా చెప్పాను. అతను మెతక మనిషి. "పోనీలే భవ్యా, బొమ్మయితే బొమ్మ. పిల్లకేం తెలుస్తుంది?" అన్నాడు.

"పిల్లకి తెలియదు. పల్లెకి తెలుస్తుంది. ఇది పెద్దయ్యాక, నువ్వు పుట్టిన ఏడు ఎవరు పడుకున్నారే అని అడిగితే బొమ్మ అని చెప్పాలా?"

అతను అన్నం తినడం ఆపి నా వంక చూశాడు. నేను రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మంచు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మొదలు మా ఇంట్లోనే ఉంది. పత్తి తీత ఆఖరి రోజున ఎలీసమ్మ ఒడి పట్టి నిలబడేది. చేను గలవాళ్ల ఇంటి చెయ్యి మొదటి పిడికెడు పత్తి ఆ ఒడిలో వేయాలి. తర్వాత తీతకి వచ్చిన ఆడవాళ్లంతా తలా పిడికెడు వేసేవాళ్లు. అదే తొట్టికి మంచు. నా చిన్నప్పుడు ఆ ఇంటి చెయ్యి నాదే. మా నాన్న నన్ను చంకన ఎత్తుకుని, కుప్ప మీదికి వంచి, "ఎంత పడితే అంత తీసి ఎయ్యమ్మా" అనేవాడు. రెండు చేతులా తీసి ఎలీసమ్మ ఒడిలో వేస్తే ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. మా నాన్న మీసాలు దువ్వుకుంటూ చూసేవాడు. నేను ఇవతలికి వచ్చాక ఆ చెయ్యి లేదు. అత్తయ్యే కుప్పలోంచి ఇంత తీసుకునేది, ఆయన చూడనట్టు తల తిప్పుకునేవాడు.

ఈసారి ఆఖరి తీత రోజున నేను కూడా బయల్దేరాను. పిల్లని చంకనేసుకోవడం చూసి అత్తయ్య, "నువ్వెందుకు?" అంది.

"ఇంటి చెయ్యి కావాలిగా అత్తయ్యా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను. "పిల్ల చెవులకి గుడ్డ కట్టు, గాలిగా ఉంది" అని ముందు నడిచింది.

మేం చేరేసరికి తీత అయిపోయింది. వేపచెట్టు కింద కాటా, పక్కన నిలువెత్తు పత్తి కుప్ప. మా నాన్న నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రేమదాసుగారు కాటా దగ్గర. ఆడవాళ్లు ఒడులు దులుపుకుంటూ నన్ను చూసి అలాగే నిలబడిపోయారు. రెండేళ్లలో నేను ఆ చేలో కాలు పెట్టడం అదే మొదటిసారి. నేనాడుకున్న చేను.

మా నాన్న ప్రేమదాసుగారితో అన్నాడు, నాతో కాదు. "ఎవరయ్యా అది? పని లేనోళ్లని చేలోకి రానీకు."

"పనుండే వచ్చాను నాన్నా. తొట్టికి మంచు కావాలి. మొదటి పిడికెడు ఇంటి చెయ్యి వేయాలి."

"నా ఇంట్లో పిల్లలు లేరు."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఎరువుల కొట్లో యూరియా లేదన్నట్టు అన్నాడు. ఏడుపు రావాల్సింది, రాలేదు. కాళ్ల నుంచి నెత్తి దాకా మంట లేచింది. చెప్పులు విప్పి, తిన్నగా వెళ్లి, తేజుని పత్తి కుప్ప నడుమ కూర్చోబెట్టాను. తెల్లటి కుప్పలో నడుం దాకా దిగి కూర్చుంది. వెనక్కి పడకుండా వీపు వెనక చెయ్యి ఒకటి ఉంచి, ఆయన మొహంలోకి చూశాను.

"అయితే ఇదెవరో నువ్వే చెప్పు. ఈ ముక్కు ఎవరిది? అందరూ చూస్తున్నారు, చెప్పు."

ఆయన కూడా చూడక తప్పలేదు. అచ్చం ఆయన ముక్కే, కొస దగ్గర కాస్త ఎడంపక్కకి తిరిగి. తేజు మాత్రం మా గొడవ పట్టించుకోకుండా రెండు గుప్పిళ్లా పత్తి పట్టుకుని నోట్లో కుక్కుకుంది.

మా నాన్న మంచం మీంచి లేచిన వేగం ఆ వయసు మనిషి లేచేది కాదు. కాటా గొలుసు తగిలి ఊగింది. నన్ను పక్కకి నెట్టి, పిల్లని ఎత్తి, మోచేతి మీద బోర్లా వేసుకుని నోట్లో వేలు పెట్టి పత్తంతా లాగేశాడు. "నీళ్లు, నీళ్లు తేండే" అని అరిచాడు. "మొన్న మందు కొట్టిన పత్తి. మీకు కళ్లు లేవంటే?" ఎవరో చెంబు అందిస్తే తన పైపంచె కొస తడిపి, పిల్ల నాలుక, చిగుళ్లు, చేతులు, వేళ్ల సందులు అన్నీ తుడిచాడు. తేజు కెవ్వుమని ఏడుస్తోంది. కోపంలో నాకు ఆ మందు సంగతి తోచనే లేదు. ఆయన వేళ్లు అలా పనిచేస్తుంటే నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

తుడవడం అయ్యాక ఆయనకి తను ఎవర్ని పట్టుకున్నాడో తెలిసినట్టుంది. చుట్టూ చూశాడు. పిల్లని నాకు అందించేసి అత్తయ్య మీద పడ్డాడు. "ఏమే ఎలీసమ్మా, ఏటా ఈ పత్తిలోనేనా మీరు పసిపిల్లల్ని పడుకోబెట్టేది? బుద్ధుందా మీకు?"

"ఇన్నేళ్లూ మీరిచ్చిన పత్తే గదయ్యా" అంది అత్తయ్య.

దెప్పుతున్నట్టు అనలేదు. ఉన్న మాట అంది. ఆ చేలో మందు కొట్టే మగవాళ్లూ, అదే పత్తి ఒళ్లో నింపుకునే ఆడవాళ్లూ అంతా అక్కడే ఉన్నారు. ఒక్కరికీ ఇన్నేళ్లలో తట్టలేదు. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది, దేవుడి పేరు పెట్టాం, ఇంకేమవుతుందిలే అనుకున్నాం. మా నాన్న మొహం అప్పుడు చూడాలి. తడి పైపంచె కొస పట్టుకుని పత్తి కుప్ప వంక చూశాడు.

"ఈ పత్తి ఒక్క పోచ కూడా చర్చికి పోవడానికి లేదు" అన్నాడు చివరికి.

ప్రేమదాసుగారికి అంతే చాలు. "విన్నావుగా ఎలీసా, అయ్యగారు వద్దన్నారు."

"పత్తి వద్దన్నాడు. పిల్లని వద్దన్లేదు" అన్నాను. మా నాన్న వైపు తిరిగాను. "ముసుగులో గుద్దులాటెందుకు నాన్నా. ఇది తొట్టిలో పడుకుంటే వీళ్లని మాన్పించి కర్నూలోళ్లని తెస్తావని భయపడుతున్నారు. తెస్తావా?"

"నా చేలో ఎవరు పని చేయాలో నాకొకళ్లు చెప్పక్కర్లేదు" అన్నాడు, బండి తాళం తీసుకుంటూ. అవునో కాదో తేల్చకుండానే వెళ్లిపోయాడు.

దారిలో ప్రేమదాసుగారు బొమ్మనే ఖాయం చేశాడు. అయ్యగారు అంత కోపంగా వెళ్లాక ఇంకెవరు సాహసిస్తారన్నాడు. ఇంటికొచ్చి అత్తయ్య కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఇప్పుడు మంచు కూడా పోయిందే భవ్యా. ఇంక దేంతో బెదిరిస్తాం వాళ్లని?"

"బెదిరించడమెందుకు అత్తయ్యా? మంచు లేకపోయినా పిల్లుంది కదా. నేనే తీసుకెళ్లి పడుకోబెడతాను."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగను. మార్క్‌ని పడుకోబెట్టినప్పుడు మీరెవర్నడిగారు?"

ఆమె నవ్వింది. "నీకు మీ నాన్న ముక్కు రాలేదు గానీ మిగతాదంతా వచ్చింది" అంది.

క్రిస్మస్ పొద్దున చర్చి కిటకిటలాడింది. మగవాళ్లు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్లు ఒకవైపు. ముందు తాటాకు పాక, మీద కాగితం నక్షత్రం. తొట్టిలో గడ్డి మీద గుంటూరు బొమ్మ కళ్లు తెరుచుకుని పడుకుని ఉంది. మంచు లేని పాక ఎలా ఉందంటే, ఎదురింటి గొడ్ల పాక ఎలా ఉంటుందో అలాగే ఉంది. ముసలివాళ్లు చూసి ఈ యేడేంటిలా అని గొణుక్కున్నారు. పాస్టర్ యేసుపాదంగారు వాక్యం చదవడానికి లేచారు. అందరూ నిలబడ్డారు. నేను నిలబడి, అక్కడే ఆగకుండా, పిల్లని ఎత్తుకుని ముందుకి నడిచాను.

వెనక అడుగుల చప్పుడు వినపడి తిరిగితే మార్క్. మగవాళ్ల వైపు నుంచి లేచి వచ్చాడు. నాకన్నా ముందే తొట్టి దగ్గరికి చేరి, బొమ్మని తీసి, తీసుకెళ్లి ప్రేమదాసుగారి చేతిలో పెట్టాడు. ఆయన కంగారులో దాని పొట్ట నొక్కినట్టున్నాడు, అది ఏడుపు లంకించుకుంది. పిల్లలు కిసకిసలాడారు. ఆయన దాన్ని ఎలా ఆపాలో తెలియక కండువా కింద దాచాడు. నేను తెల్ల గౌనులో ఉన్న తేజుని గడ్డి మీద పరిచిన దుప్పటిలో పడుకోబెట్టాను. యేసుపాదంగారు కళ్లజోడు మీంచి ఒకసారి చూసి, చదువుతున్న వాక్యం ఆపకుండా చదివేశారు.

ప్రేమదాసుగారు నా దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. "రేపు పని పోతే బాధ్యత ఎవరిదమ్మా?"

"నాది. పని పోతే నన్నే తిట్టుకోండి. పిల్లని మాత్రం అక్కణ్నుంచి కదపను."

అందరికీ వినపడేట్టే చెప్పాను. తీతకి వెళ్లే ఆడవాళ్లు నన్ను చూస్తున్నారు. వాళ్ల చూపుల్లో మెచ్చుకోలు ఉందని అబద్ధం చెప్పను. భయం ఉంది, కొంతమందిలో కోపం ఉంది. ఒక్క అత్తయ్య మాత్రం చాప మీద నిటారుగా, తన కొడుకుని పడుకోబెట్టిన నాడు కూర్చున్నట్టే కూర్చుంది. నేను తొట్టి పక్కన నేల మీద కూర్చున్నాను. ఎవరొచ్చి ఎత్తబోయినా ముందు నన్ను దాటాలి.

అప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. మా నాన్న బండి చప్పుడు పల్లెలో అందరికీ తెలుసు. చర్చి మొత్తం గుమ్మం వైపు తిరిగింది.

గుమ్మంలో మా అమ్మ. కొంగు నడుముకి దోపి, ఒళ్లో ఏదో మూట కట్టుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె రోడ్డు దాటి ఈ పల్లెలోకి రావడం అదే మొదలు. ఎటు వెళ్లాలో ఎవర్నీ అడగలేదు. ఆడవాళ్ల మధ్య నుంచి "జరగండమ్మా, కాస్త జరగండి" అంటూ తొట్టి దాకా వచ్చింది. నా ముందు నిలబడి, "పక్కకి జరగవే" అంది. గుసగుస కాదు, మామూలు గొంతుతో.

ఒడి విప్పితే తెల్లటి పత్తి, గింజ తీసి, ఏకి, మబ్బు తునకల్లా చేసినది. "మా దొడ్లో దేవపత్తి చెట్టుది" అని ఎవరికని కాకుండా అందరికీ చెప్పింది. "దీపారాధనకి ఒత్తులు చేసుకుంటాను. దీనికి మందు గిందు కొట్టం. పిల్ల తిన్నా ఏం కాదు." వంగి, తొట్టి చుట్టూ, గడ్డి మీద, దుప్పటి అంచుల మీద పరుచుకుంటూ వచ్చింది. మనవరాల్ని ఆమె చూడటం కూడా అదే మొదటిసారి. ఒక చేత్తో పత్తి పరుస్తూనే రెండో చేత్తో పిల్ల గౌను సర్దింది.

ప్రేమదాసుగారు బొమ్మని ఎక్కడో పడేసి, దొరలు వస్తే వేసే ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చాడు. "కూర్చోండమ్మగారూ."

"కుర్చీ ఎందుకయ్యా, పిల్ల కిందుంటే" అని ఆమె నా పక్కన నేల మీద చతికిలబడింది. ఎలీసమ్మ అత్తయ్య తన చోటు వదిలి వచ్చి ఇటుపక్క కూర్చుంది. తీతకి వెళ్లే ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, నెమ్మదిగా చాపల మీద ముందుకి జరిగారు.

బయట హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది, ఈసారి గట్టిగా.

ప్రేమదాసుగారు గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చాడు. వంగి, "అయ్యగారు పిలుస్తన్నారమ్మా" అన్నాడు.

మా అమ్మ తలెత్తలేదు. "ఆరాధన అయ్యాక వస్తానని చెప్పు. అందాకా ఎండలో ఎందుకు, లోపలికొచ్చి కూర్చోమను" అని, తేజు పాదాల మీదికి ఇంకాస్త పత్తి జరిపింది.